మన ఎర్రగడ్డ, వాళ్ళ అస్ఫూరియే

అమెరికాలో ఒక లెబనాన్ వాళ్ళింట్లో అన్నాలు తింటుండగా ఒక పిల్లాడు చెంచాతో కంచం మీద దరువేస్తూ పాట ఎత్తుకున్నాడు. వాళ్ళ పెదనాన్న ఏదో అన్నాడు, బల్ల చుట్టూ ఉన్న పదిమందీ పగలబడి నవ్వారు. నాకు అందిన ముక్క ఒక్కటే, "అస్ఫూరియే". అంటే ఏంటని పక్కన కూర్చున్న అమ్మాయిని అడిగాను. "పిట్టలుండే చోటు" అంది. ఆమె నవ్వలేదు. కాసేపాగి, "బేరూత్ దగ్గర ఉండిన పిచ్చాసుపత్రి పేరు. అల్లరి మానకపోతే అక్కడ పడేస్తా అంటున్నాడు" అంది.

నేను జగిత్యాల దాన్ని. బీటెక్ హైదరాబాదులో చదివాను. ఇంక నాకు వివరించక్కర్లేదు. ఎర్రగడ్డ!

అస్ఫూరియే 1900లో బేరూత్ పక్కన హజ్మియే కొండ మీద మొదలైంది. ఒక స్విస్ మిషనరీ పూనుకుని కట్టించాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల దేశాల్లో దానికి మంచి పేరే ఉండేది. లెబనాన్ అంతర్యుద్ధం నడుస్తుండగా 1982లో మూతపడింది. ఆసుపత్రి పోయింది గానీ మాట పోలేదు. మిషిగన్‌లో పుట్టి, బేరూత్ మొహం కూడా చూడని పిల్లల్ని ఇప్పటికీ ఆ పేరుతోనే బెదిరిస్తున్నారు. కైరో వాళ్ళకి అబ్బాసియా, విశాఖ వాళ్ళకి చినవాల్తేరు, మనకి ఎర్రగడ్డ. ఎముకల ఆసుపత్రి పేరుతో ఎవరూ ఎవర్నీ వెక్కిరించగా నేను వినలేదు.

ఆ నవ్వని అమ్మాయి గురించే, అమెరికాలో చదివే అరబ్ పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఆమె చేస్తున్న పని గురించే ఈ వ్యాసం. రాస్తానంటే సరే అంది, పేరు మాత్రం వద్దంది. ఎందుకు వద్దందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న డియర్‌బోర్న్‌లో వాళ్ళింటి పై వాటాలో నేను అద్దెకుండేదాన్ని. కార్ల కంపెనీలో ఉద్యోగం నాది. అప్పుడామెకి ఇరవై ఏళ్ళు, సైకాలజీ చదువుతోంది. వాళ్ళమ్మని నేను ఖాల్తో అనేదాన్ని, అంటే పిన్ని. నాకు అరబ్బులంటే అంతకు ముందు తెలిసింది మా బాబాయి చెప్పిన షేకులే. పదకొండేళ్ళు సౌదీలో చేసొచ్చాడాయన. మా వైపు ఇంటికొకరు అలా వెళ్ళొచ్చిన వాళ్ళే. పాస్‌పోర్టు లాక్కునే యజమానే మా ఊహలో అరబ్బు. టైము కార్డు గుద్ది షిఫ్టుకు పోయే అరబ్బు, కూతురి ఫీజు కోసం రెండో ఉద్యోగం చేసే అరబ్బు ఉంటాడని నాకు తట్టనే లేదు.

డియర్‌బోర్న్‌లో ఉన్నది వాళ్ళే. ఫోర్డు తన పెద్ద ఫ్యాక్టరీని రూజ్ నది ఒడ్డున పెట్టాక ఆ పనుల వెంట వచ్చిన కుటుంబాలు. తర్వాత యుద్ధం వచ్చినప్పుడల్లా ఒక విడత. దక్షిణ లెబనాన్‌లోని బింత్ జ్బేల్ అనే ఊరి వాళ్ళు ఎంతమందంటే, ఏ పెళ్ళికి వెళ్ళినా సగం మంది ఆ ఊరి చుట్టాలే. యెమెన్ వాళ్ళు, ఇరాక్ వాళ్ళు, పాలస్తీనా వాళ్ళు సరేసరి. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనంలో 54.5 శాతం మంది తమ మూలాలు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లో ఉన్నాయని రాశారు. ఒక్క మాట: అరబ్బు అనగానే ముస్లిం అనుకోకండి. 1880ల నుంచి అమెరికా చేరిన తొలి తరం అరబ్బుల్లో ఎక్కువమంది క్రైస్తవులు.

ఇక ఆమె పని. మొదటి ఏడాది కాలేజీలో ఒక సంఘం పెట్టింది. అరబ్ విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం. రంగురంగుల పోస్టర్లు వేసింది, "మౌనం వీడండి, మనసు విప్పండి" అని. పిజ్జా కూడా పెట్టింది. ముగ్గురొచ్చారు. ఆ ముగ్గురూ తన క్లాసు వాళ్ళే, మార్కుల కోసం వచ్చారు. ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని మిగిలిన పిజ్జా మేమిద్దరం తిన్నాం. "మా వాళ్ళింతే అక్కా. ఐబ్, ఐబ్ అని చస్తారు" అంది.

ఐబ్ అంటే తప్పు, సిగ్గుచేటు. మనకీ ఆ మాట ఉందని చెప్పాను. పశువుల సంతలో ఎద్దు పళ్ళు చూసి, కాళ్ళు చూసి, ఏ ఐబూ లేదు అనుకున్నాకే బేరం మొదలుపెడతారు. ఆమెకది భలే నచ్చింది. పెళ్ళిచూపులు గుర్తొచ్చాయంది. అలా మాటల్లో మాట, గరీబు దగ్గరికొచ్చాం. మనకి గరీబు అంటే పేదవాడు, అరబీలో పరాయివాడు. అందులోంచే ఘుర్బా, సొంతవాళ్ళు లేని చోట బతకడం. ప్రేమ పిచ్చోడని మనం మురిసిపోయే మజ్నూ అసలర్థం జిన్ను పట్టినవాడు. ఇక "తాబాన్". వాళ్ళ మేనమామ 2006లో ఇజ్రాయెల్‌తో జరిగిన యుద్ధం తర్వాత బింత్ జ్బేల్ నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి గది దాటి బయటికి రాలేదట. ఎవరడిగినా ఇంట్లో వాళ్ళు చెప్పింది ఆ ఒక్క మాటే. తాబాన్ అంటే అలిసిపోయాడని, ఒంట్లో బాగాలేదని కూడా. మనం "మనసు బాగాలేదు" అన్నట్టు. అబద్ధం కాదు, అలాగని మొత్తం చెప్పినట్టూ కాదు.

"మా వాళ్ళింతే" అన్న మాట దగ్గరే ఆమెతో నాకు మొదటి పేచీ. మానసిక ఆరోగ్యం గురించి ఎవరు మాట్లాడినా ముందు దొరికే సమాధానం ఇదే: సమాజంలో చిన్నచూపు ఉంది, అవగాహన లేదు, అవగాహన పెంచుదాం. చిన్నచూపు లేదని నేననను. అన్నం బల్ల దగ్గర కళ్ళారా చూశాను కదా. మన దగ్గరైతే మెంటల్ హెల్త్ అన్న మాటలో మొదటి సగం తిట్టు. కానీ ఈ సమాధానంలో ఒక సుఖం ఉంది. తప్పంతా నోరు విప్పనివాళ్ళ మీదికి పోతుంది. నోరు విప్పితే ఆ మాట ఎక్కడికి చేరుతుందో ఎవరూ అడగరు.

న్యూయార్క్‌నే తీసుకోండి. అక్కడి పోలీసు శాఖ ముస్లిం పేటల మీద, మసీదుల మీద, కాలేజీ విద్యార్థి సంఘాల మీద ఏళ్ళపాటు నిఘా పెట్టిందని 2011లో ఒక వార్తా సంస్థ బయటపెట్టింది. 2008లో సిటీ కాలేజీ విద్యార్థులు పడవల షికారుకి వెళ్తే, వాళ్ళలో ఒకడిగా ఒక రహస్య పోలీసు వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో, రోజుకి ఎన్నిసార్లు నమాజు చేశారో రాసి పంపాడు. ఇప్పుడు మీరు అలాంటి చోట చదివే పిల్లలు అనుకోండి. ఎవరో వచ్చి, గుండ్రంగా కుర్చీలేశాం, రండి, మీ భయాలు చెప్పుకోండి అంటే వెళ్తారా? నేనైతే వెళ్ళను. 2001 దాడులు జరిగిన ఏడాది ముస్లింల మీద ద్వేషంతో జరిగిన నేరాలు, ఎఫ్‌బీఐ లెక్క ప్రకారం, అంతకు ముందు ఏడాది 28 ఉంటే 481కి పెరిగాయి. అరబ్బు క్రైస్తవుడికీ ఆ దెబ్బ తగిలింది. కొట్టేవాడు మెడలో శిలువ ఉందా అని చూసి కొట్టడు. ఇవన్నీ చూసిన తల్లిదండ్రులు పిల్లలకి "ఇంటి మాట గడప దాటకూడదు" అని చెప్పారంటే దాన్ని అజ్ఞానం అందామా?

ఇవన్నీ ఆమెకి నేను చెప్పినవి కావు, ఆమె నాకు చెప్పినవే. నేను చేసిందల్లా, "మరైతే పోస్టర్ మీద మౌనం వీడండి అని ఎందుకు రాశావ్?" అని అడగడం. వారం రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దదాన్ని కదా, నేనే వంకాయ కూర పట్టుకుని కిందికి దిగాను.

ఆ తర్వాత ఆమె దారి మారింది. అప్పటికే ఆమె దగ్గర ఒక పరిశోధన ఉంది. అమెరికాలో 373 కాలేజీల్లో, 2013 నుంచి 2021 దాకా మూడున్నర లక్షల మంది విద్యార్థుల్ని అడిగి చేసింది. అరబ్ అమెరికన్ విద్యార్థుల్లో మానసిక సమస్యలు 22 శాతం పెరిగాయి, చికిత్స తీసుకోవడం మాత్రం 18 శాతం తగ్గింది. రెండు గీతలూ ఎదురెదురు దిక్కులకి పోతున్నాయి. అంతకు ముందు 2012లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో, ఆన్‌లైన్లో తమంతట తాము జవాబులిచ్చిన 601 మంది అరబ్ అమెరికన్లలో సగం మందికి డిప్రెషన్ లెక్కకొచ్చేంత మార్కులొచ్చాయి. వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చినవాళ్ళు కాబట్టి ఆ సగాన్ని మొత్తం జనానికి అంటగట్టకూడదు. అయినా, నోరు విప్పరని పేరుపడిన వాళ్ళు 601 మంది పేరు చెప్పనక్కర్లేని చోట జవాబులిచ్చారు కదా! నాకు అంకె కన్నా అదే ముఖ్యం అనిపించింది.

ఈ అంకెలు దొరకడమే గగనం. ఎందుకంటే 2024 దాకా అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో అరబ్బులు తెల్లవాళ్ళు! నవ్వకండి. మొదట తెల్లవాళ్ళకే, తర్వాత నల్లవాళ్ళకి కూడా, పౌరసత్వం ఇచ్చే చట్టం ఉన్న రోజుల్లో జార్జ్ డౌ అనే సిరియా మనిషి కోర్టుకెక్కాడు. 1915లో సిరియా వాళ్ళు తెల్లవాళ్ళేనని తీర్పొచ్చింది. ఎనిమిదేళ్ళకి అదే దారిలో వెళ్ళిన మన భగత్ సింగ్ థింద్‌ని సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. వాళ్ళు ఓ రకంగా గెలిచారు, మనం ఓడాం. గెలిచిన ఫలితం, విడిగా లెక్కకి రాకపోవడం. విడిగా లెక్క లేకపోతే, మా దగ్గర ఇంతమంది ఉన్నారు, అరబీ వచ్చిన కౌన్సెలర్ ఒకరు కావాలి అని అడగడానికి ఆధారం ఉండదు.

ఆమె చదివే కాలేజీ కౌన్సెలింగ్ కేంద్రంలో మొదటిసారి వెళ్ళినప్పుడు నింపే ఫారం ఉంటుంది. దాని మీద తమవాళ్ళకంటూ విడిగా ఒక్క గడి పెట్టించడానికి ఆమెకి ఏడాది పట్టింది. ఒకాయన సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదన్నాడు, ఇంకొకావిడ కమిటీ కూర్చోవాలంది. కమిటీ కూర్చునేలోపు సెలవులొచ్చాయి. చివరికి 2024 మార్చి 28న కేంద్ర ప్రభుత్వమే పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకి విడి వర్గం ఉండాలని నిబంధన మార్చింది. ఆ కాగితం చూపించాక సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది.

గడి వచ్చిన రోజు వాళ్ళ నాన్న సంతోషించలేదు. "లెక్కపెట్టిన వాళ్ళు ఆ లెక్కని ఏం చేస్తారో?" అన్నాడు. అదీ నిజమే. అరబ్బు మూలాలున్నవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ పిన్‌కోడ్‌లో ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కల శాఖ దేశ భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకి ఇచ్చిందని 2004లో బయటపడింది. లెక్కలో లేకపోతే సాయం రాదు, లెక్కలో ఉంటే నిఘా రావచ్చు. ఈ పీటముడి నాకు విడదీయడం రాదు, ఆమెకీ రాదు. ఫారం మీద ఆ గడి నింపడం మీ ఇష్టం అని ఒక వాక్యం మాత్రం రాయించింది. నాకు గడి కన్నా ఆ వాక్యమే ఎక్కువ నచ్చింది.

ఇంకో చిక్కు పోస్టులో వస్తుంది. ఇక్కడ 26 ఏళ్ళు వచ్చేదాకా పిల్లలు అమ్మానాన్నల ఆరోగ్య బీమాలోనే ఉండొచ్చు. బయటి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఫలానా తేదీన ఫలానా వైద్యం, ఇంత ఖర్చు అని ఒక కాగితం పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్ళకి వెళ్తుంది. పిల్ల ధైర్యం చేసి వెళ్తుంది, నెలలోపు కవరు వాళ్ళ నాన్న చేతిలో ఉంటుంది. ఆ కాగితాన్ని వేరే అడ్రసుకి పంపమని బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగొచ్చని ఎంతమందికి తెలుసు? ఆ ఉత్తరం నమూనా ఒకటి ఆమె తయారుచేసి పెట్టింది. పేరు, పాలసీ నంబరు రాసుకుంటే చాలు. మనసు విప్పండి అన్న వంద పోస్టర్లని ఆ ఉత్తరం పక్కన పెడితే ఉత్తరమే గెలుస్తుందని నా వాదన.

పోస్టర్ కూడా మానలేదు, చోటు మార్చింది. ఆడవాళ్ళ బాత్రూముల్లో, తలుపు లోపలి వైపు. అడుగున చింపుకునే చీటీలు, ఒక్కోదాని మీద కౌన్సెలింగ్ కేంద్రం నంబరూ, ఆత్మహత్య ఆలోచనలొచ్చినా, మనసు తట్టుకోలేకపోయినా ఫోన్ చేసేందుకు 2022 నుంచి దేశమంతా పనిచేస్తున్న 988 నంబరూ. కాలేజీలో పెట్టింది, మసీదు హాల్లో అడిగి పెట్టింది, ఒక చర్చి హాల్లోనూ పెట్టింది. గడియ వేసుకున్నాక చింపుకుంటే చూసేవాళ్ళుండరు. మూడు వారాల్లో చీటీలన్నీ అయిపోయాయి. ఎంతమంది ఫోన్ చేశారో ఆమెకి తెలీదు, తెలుసుకునే వీలు పెట్టలేదు కూడా. మగవాళ్ళ వైపు తమ్ముడితో పెట్టించింది. అక్కడ రెండే చిరిగాయట. మగవాళ్ళ సంగతి వేరే వ్యాసం.

ఆమె చేసేవన్నీ నాకు నచ్చుతాయని కాదు. పెద్దవాళ్ళ దగ్గర మాట్లాడేటప్పుడు ఆమె సిరియాలోని అలెప్పోలో 1354లో కట్టిన అర్గూన్ బీమారిస్తాన్, అంటే ఆనాటి ఆసుపత్రి, కథ ఎత్తుతుంది. మానసిక రోగులకి విడి గదులు, నీళ్ళ చప్పుడుకి ఫౌంటెన్లు. మన పూర్వీకులు ఎప్పుడో చేశారు, ఇది తెల్లవాళ్ళ చదువు కాదు అని చెప్పడానికి. ఈ వరస మనకి తెలిసిందే, గీతే తొలి కౌన్సెలింగ్ అనేవాళ్ళు మన ప్రతి సభలోనూ ఒకరుంటారు. తాతల గొప్ప వింటూ కూర్చున్నవాడు లేచి డాక్టరు దగ్గరికి వెళ్తాడని నాకు నమ్మకం లేదు. ఆమె మాత్రం, "అక్కా, అది వెళ్ళేవాడి కోసం కాదు, వెళ్ళేవాణ్ణి ఆపేవాడి కోసం" అంటుంది. కావచ్చు.

అసలు గొడవ పడింది ఇంకోదాని మీద. రాత్రి రెండింటికి ఆమె ఫోన్ మోగేది. గాజా మీద బాంబులు పడుతున్న 2023 శీతాకాలంలో, తర్వాతి ఏడాది దక్షిణ లెబనాన్ ఇళ్ళు కూలుతున్నప్పుడు, రోజూ మోగేది. ఫోన్లో తాతగారి ఊరు మంటల్లో చూస్తూ పొద్దున్నే పరీక్షకెళ్ళాల్సిన పిల్లలు. పాలస్తీనా మానసిక వైద్యురాలు సమాహ్ జబ్ర్ చాలాకాలంగా అంటున్నదే ఇది, గాయం తర్వాత వచ్చే ఒత్తిడి అనే రోగం పేరు తమవాళ్ళకి సరిపోదని. గాయం ఇంకా అవుతూనే ఉంటే తర్వాత అనేది ఎక్కడ? ఈ అమ్మాయి ఆ ఫోన్లన్నీ ఎత్తేది. మార్కులు పడిపోయాయి, బరువు తగ్గింది. "నువ్వు డాక్టరువి కాదు. నీకేమైనా అయితే?" అన్నాను. కాలేజీలు పిల్లల మంచితనాన్ని జీతం లేని ఉద్యోగంగా వాడుకుంటున్నాయని ఇప్పటికీ నా అభిప్రాయం.

"మరి మీ తెలుగు పిల్లలకి ఎవరెత్తుతున్నారు ఫోను?" అంది.

నా దగ్గర జవాబు లేదు. వీసా, అప్పు, కన్సల్టెన్సీ టెన్షన్లతో నేలమాళిగ గదుల్లో నలుగురైదుగురు సర్దుకునే మన పిల్లలు నాకు తెలుసు. వాళ్ళలో ఎవరైనా పోతే శవాన్ని ఊరికి పంపడానికి రాత్రికి రాత్రి చందాలు పోగుచెయ్యడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. నేనూ వేశాను, రెండుసార్లు. ఆ పిల్లలకి అంతకు ముందు నెలలో నేను ఫోన్ చెయ్యలేదు.

చివరికి ఆమె ఫోన్లకి వేళ పెట్టుకుంది, రాత్రి పదకొండు తర్వాత 988కి మళ్ళించే మెసేజ్ పెట్టింది. నా వల్ల కాదు, వాళ్ళ ప్రొఫెసరు చెప్పిందట.

ఇదంతా ఎందుకు చేస్తున్నావని నేనెప్పుడూ అడగలేదు. తనే ఒకసారి చెప్పింది. 2015లో తనకి పదకొండేళ్ళు. వాళ్ళమ్మకి నిద్ర పట్టడం లేదని ఒక క్లినిక్‌కి వెళ్ళారు. ఖాల్తోకి ఇంగ్లీషు అంతంతమాత్రం, దుబాసీ ఈ పిల్లే. పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని, ప్రాణం మీదికొస్తే తప్ప, మరుసటి ఏడాది నిబంధన వచ్చింది గానీ అప్పటికి రాలేదు. డాక్టరు డిప్రెషన్ ప్రశ్నల కాగితం తీశాడు. అందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి. నిద్ర, ఆకలి, నీరసం, ఒక్కోటీ పిల్ల అరబీలో అడిగి జవాబు ఇంగ్లీషులో చెప్పింది. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అని. అది అమ్మని అడగలేకపోయింది. డాక్టరు వైపు తిరిగి, లేదంది.

అందుకే ఇప్పుడు ఆ ప్రశ్నల కాగితం అరబీ ప్రతులు కట్టలు కట్టలుగా వేయించి చుట్టుపక్కల క్లినిక్కులకి తీసుకెళ్తుంది. అరబీలో అది ఉచితంగానే దొరుకుతుంది. ఎవరి కాగితం వాళ్ళ చేతికిచ్చి, ఎవరి పెన్నుతో వాళ్ళు టిక్కు పెట్టుకుంటే మధ్యలో పిల్లలక్కర్లేదు, పక్కింటివాళ్ళక్కర్లేదు.

నేను ఆ ఇల్లు ఖాళీ చేసే ముందు వారం, ఆ కట్టలు వంటింటి బల్ల మీద ఉన్నాయి. నేను తాళంచెవి ఇవ్వడానికి దిగాను. ఖాల్తో వాటిలో ఒకటి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివింది. కూతురు కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఖాల్తో అరబీలో ఏదో అంది, మామూలు గొంతుతో. గిన్నెల చప్పుడు ఆగింది.

ఏమందని నేను తర్వాత మెట్ల దగ్గర అడిగాను.

"ఆ రోజు డాక్టరు తొమ్మిది అడిగాడు, నువ్వు నన్ను ఎనిమిదే అడిగావు, అంది."